తూకానికి అందని పని

న్యూయార్క్‌లోని మెట్రపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు చెవి నగలున్నాయి. అవి క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటివని, బహుశా ఆంధ్ర ప్రాంతానివని మ్యూజియం చెబుతోంది. ఒక్కో నగ మీద ఒక రెక్కల సింహం, ఒక ఏనుగు ఉంటాయి. వాటి ఒంటి నిండా కంటికి ఆనీ ఆనని బంగారు రవ్వలు, తీగ తునకలు, రేకు ముక్కలు. దేనికది విడిగా చేసి అతికించినవే. పెట్టుకున్నవారి చెవి తమ్మెలు సాగి జారేంత బరువైన నగలవి. అయినా వాటి ముందు నిలబడేవారు ఆ బంగారం ఇప్పుడెంత పలుకుతుందని లెక్క కట్టరు, పనితనం చూస్తారు. ఆ పని ఎవరిదో మాత్రం తెలియదు. రెండు వేల ఏళ్ల కిందటి మాట కాబట్టి సరిపెట్టుకోవచ్చు. కానీ నిన్న మొన్న హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న నకాషీ హారం చేసింది ఎవరో కూడా మనకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. చేతిపని నగకు రెండు న్యాయాలు జరగాలని నా వాదన. దాని పనికి బంగారం ధరతో ముడిపెట్టకుండా రూపాయల్లో విడిగా వెల కట్టాలి. చేసినవారి పేరు నగతో పాటు కొన్నవారి ఇంటికి చేరాలి. ఈ రెండూ జరగనంత కాలం శిక్షణ పథకాలు ఎన్ని పెట్టినా, ఎగ్జిబిషన్లు ఎన్ని జరిపినా ఈ విద్య నిలబడదు.

ముందు వెల సంగతి చూద్దాం. బంగారం కొట్లో బిల్లు వేసే పద్ధతి అందరికీ తెలిసిందే. నగ బరువును ఆనాటి రేటుతో గుణిస్తారు. దాని మీద తరుగు అనో, వేస్టేజీ అనో, మేకింగ్ ఛార్జీలు అనో ఒక శాతం వేస్తారు. రాళ్లుంటే వాటి ధర, చివర 3 శాతం జీఎస్టీ. ఇందులో పనికి సంబంధించినది ఆ శాతం ఒక్కటే. అది ఎంత విచిత్రంగా నడుస్తుందో చిన్న లెక్కతో తేలిపోతుంది. 10 గ్రాముల కమ్మల జత మీద 15 శాతం వేశారనుకుందాం. గ్రాము 5,000 రూపాయలున్నప్పుడు ఆ శాతం 7,500 అవుతుంది. గ్రాము 10,000 అయ్యాక అదే కమ్మల మీద అదే శాతం 15,000. కమ్మలు మారలేదు, డిజైన్ మారలేదు, కుంపటి దగ్గర కూర్చున్న గంటలు మారలేదు. ప్రపంచంలో ఎక్కడో మదుపుదారులు బంగారం వైపు మళ్లినందుకు మన ఊళ్లో చెక్కుడు పని ఖరీదు రెట్టింపైనట్టు బిల్లు చెబుతోంది. ఆ రెట్టింపులో ఎంత భాగం పని చేసినవారి చేతికి వెళ్లిందో అదే బిల్లు చెప్పదు. పనివారి మజూరీ గ్రాముకింతని వేరేచోట వేరేగా తేలుతుంది, దానికీ కొనేవారు కట్టిన శాతానికీ సంబంధం కనపడదు. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. ధర పెరిగితే అమ్మకాల్లో గ్రాములు తగ్గుతాయి, గ్రాములు తగ్గితే గ్రాముల మీద బతికేవారికి పని తగ్గుతుంది. బంగారం పెరిగినప్పుడల్లా బంగారం పని చేసేవారు చితికిపోయే ఈ ఏర్పాటు ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు. అందుకే దాన్ని సరిచేయాల్సిన బాధ్యత తమదని కూడా ఎవరికీ తోచడం లేదు.

తూకం లెక్క చేసే మరో అన్యాయం దీనికంటే లోతైనది. పని ఎంత నాజూకైతే నగ అంత తేలికగా ఉంటుంది. ఏడు రాళ్ల ముక్కుపుడకలో ఒక్కో రాయికీ గూడు తీర్చి, అంచులు నొక్కి, రాయి పగలకుండా కూర్చోబెట్టడానికి పట్టే ఓపికను 2 గ్రాముల బరువు ఏం కొలుస్తుంది? నున్నటి గాజుల జత 40 గ్రాములుంటుంది. దాని మీద ముక్కుపుడక శాతంలో సగమే వేసినా రూపాయల్లో దానికే ఎన్నో రెట్లు వస్తుంది. దీన్నిబట్టి పనివారికి అందే సంకేతం ఒకటే: బరువైనది త్వరగా చెయ్యి, సన్నటి పని జోలికి పోకు. ఒక తరం మొత్తం ఆ సంకేతం విన్నాక మాటీలు, అడ్డిగలు, గుండ్లపేర్లు సన్నగా తీర్చేవారు కరువయ్యారని బాధపడితే లాభమేముంది?

కరీంనగర్ వెండి తీగ పనిని దగ్గర నుంచి చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. వెండిని కరిగించి కడ్డీ పోస్తారు. దాన్ని కొట్టి సన్నబరిచి, కమ్మచ్చు బెజ్జాల్లోంచి లాగుతారు. కమ్మచ్చు అంటే వరసగా చిన్నవవుతూ పోయే బెజ్జాలున్న ఉక్కు పలక. లాగిన కొద్దీ తీగ బిరుసెక్కుతుంది కాబట్టి మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచాలి. తొందరపడితే తెగుతుంది. బాగా సన్నమైన రెండు తీగల్ని కలిపి పురిపెట్టి, ఆ పురిని చదునుగా నొక్కితే దాని అంచు సన్నటి రవ్వలు పేర్చినట్టు కనిపిస్తుంది. తీగ పనికి ఆ మెరుపు వచ్చేది అక్కడే. కొంచెం మందం తీగతో ఆకుకో, పువ్వుకో, నెమలికో చట్రం కడతారు. పురి తీగను శ్రావణంతో చుట్టలు చుట్టలుగా వంచి ఆ చట్రంలో ఒకదాన్నొకటి ఒరుసుకునేలా ఇరికిస్తారు. వెలిగారం, టంకం పొడి చల్లి మంట ఊదుతారు. టంకం కరగాలి, తీగ కరగకూడదు. ఆ రెంటికీ మధ్య వ్యవధి చాలా తక్కువ, దాన్ని మంట రంగు చూసి పట్టుకోవాలి. కాస్త ఎక్కువైతే అప్పటిదాకా చేసిందంతా ముద్దయిపోతుంది. ఇంతా చేశాక ఆ లోలాకును తక్కెడలో వేస్తే ఎంత తూగుతుంది? దాని ఒంట్లో సగానికి సగం గాలే. ఆ గాలిని అంత అందంగా పట్టి ఉంచడమే అక్కడి విద్య. దానికి గ్రాముల లెక్కన వెల కట్టడమంటే విద్యను వదిలేసి వెండిని కొనడమే. ఈ పనికి 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఊరికి దక్కింది, వెల కట్టే పద్ధతి మాత్రం అక్కడే ఉంది.

‘ప్రత్యేకమైన డిజైన్’ అనే మాటను దుకాణాలు విరివిగా వాడుతున్నాయి కాబట్టి అది ఎక్కడ పుడుతుందో కూడా చెప్పుకోవాలి. కంప్యూటర్‌లో గీసి, మైనంలో ముద్రించి, రబ్బరు అచ్చు తీసి, ఒక్కో విడతలో పదుల కొద్దీ పోతపోసే నగకూ ఒక డిజైనర్ ఉంటారు. ఆ గీత అందంగానూ ఉండొచ్చు. అయితే అక్కడ ఆలోచన గీతతోనే ఆగిపోతుంది, ఆ తర్వాతిదంతా నకళ్లు తీయడమే. చేతిపనిలో గీత మొదటి మెట్టు మాత్రమే. నకాషీ చేసేవారు పలచటి రేకును లక్క దిమ్మ మీద పట్టించి, చిన్న చిన్న ఉలులతో వెనక నుంచి ఉబ్బిస్తారు, ముందు నుంచి తీరుస్తారు. లక్ష్మీదేవి ముఖం రేకులోంచి పైకి వస్తుంటే కనురెప్ప ఎంత వాలాలో, పెదవి దగ్గర ఎంత లోతు ఆపాలో ఆ దెబ్బకా దెబ్బ నిర్ణయం. రేకు ఎక్కడ పలచబడిందో వేలికి తెలుస్తుంది, దాన్నిబట్టి గీత మారుతుంది. గీసిన కాగితం మీద లేనిది నగ మీద ఉంటుంది. ఆదిలాబాద్ డోక్రాలో ఇది ఇంకా స్పష్టం. మట్టి దిమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు, మైనం కరిగి పోయిన చోట లోహం పోస్తారు. వస్తువు బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టక తప్పదు. అదే అచ్చులోంచి ఇంకొకటి రాదు. ఒకదానిలా మరొకటి ఉండకపోవడం అక్కడ ప్రకటన కోసం చేర్చిన మాట కాదు, పని జరిగే తీరే అది. చేతిపని అంటే పాత నమూనాలు తిప్పి తిప్పి చేయడమని, కొత్తదనమంతా డిజైన్ కాలేజీల్లో ఉందని అనుకునేవారు ఈ తేడాను సరిగా గమనించలేదనే అంటాను. చేసేవారిని ‘లేబర్’ ఖాతాలో, గీసేవారిని ‘డిజైన్’ ఖాతాలో వేయడం ఈ రంగం తనకు తాను చేసుకున్న పెద్ద హాని.

చేతిని ఖాతాలోంచి తప్పించడం ఇప్పుడు మొదలైంది కూడా కాదు. ప్రభుత్వాలు ఎప్పుడూ బంగారాన్ని చూశాయి, బంగారం పని చేసేవారిని చూడలేదు. విదేశీ మారకద్రవ్యం కరిగిపోతోందని 1963 జనవరిలో కేంద్రం బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చింది. 14 క్యారెట్లకు మించిన కొత్త నగ చేయకూడదంది. మన ఇళ్లలో పుస్తెలు, గాజులు 22 క్యారెట్లలో చేయించుకుంటారు. 14 క్యారెట్ల లోహం రంగూ వేరు, సాగే గుణమూ వేరు. దేశమంతటా స్వర్ణకారుల కుంపట్లు ఆరిపోయాయి. ఆందోళనలు జరిగాయి, ఆత్మహత్యలు జరిగాయి. ఆ క్యారెట్ల నిబంధనను 1966లో ఎత్తేశారు గానీ 1968లో చట్టమే వచ్చింది. అది రద్దయ్యేసరికి 1990. ఆ తర్వాత దిగుమతులకు తలుపులు తెరుచుకున్నాయి. పెద్ద పెట్టుబడితో షోరూములు వచ్చాయి, యంత్రాల మీద చేసిన నగ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్వర్ణకారుల ఆత్మహత్యలు మళ్లీ వార్తలకెక్కాయి. నియంత్రణ కాలంలోనూ, స్వేచ్ఛా వాణిజ్య కాలంలోనూ నష్టపోయింది ఒకే వర్గం. రెండు విధానాల్లోనూ లోహానికి లెక్క ఉండి, పనికి లేకపోవడమే దానికి కారణం.

ఇక పేరు. మన సంస్కృతిలో నగ చేయించినవారి పేరు నిలుస్తుంది, చేసినవారిది నిలవదు. భద్రాచల రామదాసు తన కీర్తనలో సీతారాములకు ఏ నగ చేయించిందీ, దానికెంత అయ్యిందీ ఏకరువు పెట్టాడు. ఆ నగలు చేసిన కంసాలి ఎవరో మనకు అందలేదు. నిజాం నగలు 173 వస్తువుల్ని 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. వాటి గురించి ఎంత రాసినా నిజాముల పేర్లు, రాళ్ల పేర్లు, క్యారెట్లే ఎక్కువగా వినిపిస్తాయి. దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని లోకం శిల్పి పేరున రామప్ప గుడి అని పిలుస్తోంది. 2021లో యునెస్కో జాబితాకు ఎక్కినప్పుడు కూడా కాకతీయ రుద్రేశ్వర ఆలయం అన్న పేరుతో పాటు ఆ పేరూ చేరింది. అక్కడి మదనిక శిల్పాల మెడల్లో, నడుముల చుట్టూ రాతిలో చెక్కిన హారాలు, మేఖలలు చూసి ఈనాటికీ నమూనాలు తీసుకోవచ్చు. రాతిని చెక్కినవాడి పేరు జనం నోట నిలిచిన చోట, బంగారాన్ని చెక్కినవాడి పేరు నిలవకూడదని నియమమేమీ లేదు.

ఇప్పుడు మన నగ మీద ఉండే గుర్తులు చూడండి. 2021 జూన్ 23 నుంచి హాల్‌మార్కింగ్ దశలవారీగా తప్పనిసరి అయ్యింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య లేకుండా అమ్మకూడదు. అది మంచి చట్టం, కొనేవారికి చాలా మేలు చేసింది. ఆ సంఖ్యను ఫోన్లో యాప్‌లో కొడితే నగ స్వచ్ఛత, హాల్‌మార్క్ వేయించిన నగల వ్యాపారి వివరాలు, పరీక్షించిన కేంద్రం అన్నీ వస్తాయి. చేసినవారి ఊసు రాదు. భౌగోళిక గుర్తింపు (జీఐ) ఊరి పేరు చెబుతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో ఆ గుర్తింపు దక్కింది, సంతోషం. కానీ లాడ్ బజార్లో కొన్న జత మీద వేడి లక్క ఒత్తి, ఒక్కో అద్దం ముక్క పొదిగిన చెయ్యి ఎవరిదో దానివల్ల తెలియదు. హాల్‌మార్క్‌లో దుకాణం ఉంది, జీఐలో ఊరుంది, బిల్లులో బరువుంది. మనిషి లేడు. ఇంగ్లండ్‌లో ప్రతి స్వర్ణకారుడికీ సొంత గుర్తు ఉండాలని 1363లోనే శాసనం చేశారు. ఇవాళ్టికీ అక్కడ హాల్‌మార్క్‌లో పరీక్షకు సమర్పించినవారి గుర్తు ఒక తప్పనిసరి భాగం. ఆ సమర్పించేవారు వ్యాపార సంస్థ కూడా కావచ్చు కాబట్టి అదీ పూర్తి న్యాయం కాదు. కానీ వస్తువు వెనక మనిషి ఉన్నాడన్న మూలసూత్రాన్ని వాళ్లు ఆరున్నర శతాబ్దాలుగా వదల్లేదు.

నేను అడుగుతున్నది పెద్ద సంస్కరణ కాదు. చేతిపని అని చెప్పి అమ్మే నగ బిల్లులో బంగారం లేదా వెండి విలువ ఒక వరస, రాళ్ల విలువ ఒక వరస, పనివారికి కట్టిన మజూరీ రూపాయల్లో ఒక వరస, దుకాణం లాభం ఒక వరస ఉండాలి. చేసినవారి పేరు గానీ, వారి పనిశాల పేరు గానీ, నమోదు సంఖ్య గానీ ఉండాలి. ‘చేతిపని’ అంటే ఏమిటో ప్రమాణం రాయాలి, ఆ మాట పోత నగలకు వాడితే తప్పుగా పరిగణించాలి. చేనేతకు ఇలాంటి గుర్తు ఉంది. 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది. దానితో మరమగ్గం నకళ్లు ఆగిపోలేదన్నది నిజమే. కానీ అడగదలచుకున్న కొనుగోలుదారుకు అడగడానికి ఒక ఆధారం దొరికింది. చేతిపని నగకు ఆ ఆధారమూ లేదు. హస్తకళాకారులకు కేంద్రం ఇచ్చే పహచాన్ కార్డులు ఇప్పటికే ఉన్నాయి. జీఐ చట్టంలో అధీకృత వినియోగదారులుగా కళాకారులు విడివిడిగా నమోదయ్యే వీలు ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో స్వర్ణకార వృత్తి ఒకటి. దాని కింద నమోదైనవారికి గుర్తింపు సంఖ్యలున్నాయి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా, 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష రూపాయల దాకా అప్పు ఇస్తున్నారు. అప్పు ఇచ్చి, పనిముట్లు ఇచ్చి, వాటితో చేసిన వస్తువు మీద పేరు మాత్రం లేకుండా బజారుకు పంపడంలో అర్థమేముంది? పేరుంటే వెతుక్కుంటూ వచ్చేవారుంటారు. వెతుక్కుంటూ వచ్చేవారుంటే అప్పు తీరుతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. మన జనానికి బంగారం అలంకారం కంటే ముందు పొదుపు. ఆపదొస్తే తాకట్టు పెట్టాలి, పిల్ల పెళ్లికి మార్చి కొత్తది చేయించాలి. మార్చేటప్పుడు పనికి కట్టిన డబ్బు ఒక్క పైసా తిరిగి రాదు, కాబట్టి పనికి ఎక్కువ పెట్టమనడం మధ్యతరగతి ఇల్లాలికి నష్టం చేసే సలహా అంటారు. పొదుపు కోసం కొనేవారు అలాగే కొనాలి, నాణెమో బిస్కెట్టో నున్నటి గాజో తీసుకోవాలి. ఇందులో పేచీ లేదు. కానీ ఇవాళ షోరూములో కొంటున్న ఇల్లాలు తిరిగి రాని ఆ డబ్బు కట్టడం మానలేదు. ఏ పనీ లేని యంత్రపు గొలుసుకు కూడా శాతం లెక్కన కడుతూనే ఉంది. ఎంత కడుతోందో, ఎందుకు కడుతోందో తెలియకుండా కడుతోంది, అంతే. పనిని రూపాయల్లో విడదీసి చూపితే పని లేని నగకు తక్కువ కట్టొచ్చు, పని ఉన్న నగకు తెలిసి కట్టొచ్చు. పొదుపు దృష్టితో చూసినా ఇది లాభమే. పైగా కళ కావాలనుకునేవారికి బంగారమే అక్కర్లేదు. వెండిలో, ఇత్తడిలో, డోక్రాలో, లక్కలో ముడిసరుకు ఖరీదు తక్కువ కాబట్టి ఇచ్చే డబ్బులో పెద్ద వాటా పనికే పోతుంది. కొత్త తరం చేతిపని నగలు ఎక్కువగా వెండిలో వస్తుండడానికి, చదువుకున్న అమ్మాయిలు సొంతంగా ఈ రంగంలోకి రాగలుగుతుండడానికి ఇదొక కారణం.

రెండో అభ్యంతరం నమ్మకానిది. ఊళ్లో చేయించిన నగ కరిగిస్తే 22 క్యారెట్లు రాలేదన్న అనుభవం చాలా కుటుంబాల్లో ఉంది. దాన్ని ఆసరా చేసుకుని ఒక కులం మొత్తాన్ని దొంగలుగా చూపే సామెతలు పుట్టాయి. మోసం చేసినవారు లేరని అనను. కానీ అందులో పెద్ద భాగం టంకం చేసిన పని. అతుకు పడాలంటే టంకం నగ కంటే ముందు కరగాలి. అందుకని బంగారంలో రాగి, వెండి ఎక్కువగా కలిపి టంకం చేసేవారు. గుండ్లపేరు లాంటి నగలో ప్రతి గుండుకూ అతుకులుంటాయి. అతుకులు పెరిగిన కొద్దీ మొత్తం స్వచ్ఛత దిగుతుంది. పని ఎక్కువున్న నగకే అపనిందా ఎక్కువ వచ్చిందన్నమాట. తర్వాత కేడీఎం వచ్చింది. కాడ్మియం కలిపిన టంకం అది. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరైపోతుంది కాబట్టి నగ స్వచ్ఛత పెద్దగా తగ్గదు. ఆ ఆవిరి వెళ్లింది మంట ముందు వంగి కూర్చున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి. కొనేవారి నమ్మకానికి పనివారి ఆరోగ్యం వెల అయ్యింది. కేడీఎం అని గొప్పగా చెప్పుకుని అమ్మిన, కొన్న ఆ ఏళ్లలో ఈ సంగతి ఎంతమంది ఆలోచించారు? హాల్‌మార్క్ ప్రమాణాలు ఇప్పుడు కాడ్మియంను అనుమతించవు. వేరే టంకాలు వచ్చాయి, స్వచ్ఛత ప్రయోగశాలలో తేలుతోంది. అనుమానానికి మూలం పోయాక కూడా అనుమానాన్ని మోయడం న్యాయం కాదు. ఇంకొక ముఖ్య విషయం కూడా గమనించాలి. 2 గ్రాముల లోపు వస్తువులకు, కుందన్, పోల్కీ, జడావు నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది. అంటే చేతిపని చిక్కగా ఉన్న ముక్కుపుడకలు, రాళ్లు పొదిగిన హారాల దగ్గరే ప్రభుత్వ ముద్ర లేదు. ముద్ర లేని చోట పూచీ ఎవరిది? చేసినవారి పేరే అక్కడ పూచీ కావాలి.

దుకాణదారులు చెప్పే ఇబ్బందుల్ని కూడా కొట్టిపారేయకూడదు. పేరు రాస్తే కొనేవారు మమ్మల్ని దాటి నేరుగా పనివారి దగ్గరికే వెళ్తారు, పెట్టుబడి మాది, అమ్ముడుపోని సరుకు భారం మాది అంటారు. వారి లాభం న్యాయమైనదే, దాన్ని బిల్లులో చూపడానికి సంకోచం అక్కర్లేదు. పదుల నమూనాలు ఒకచోట చూపించి, మార్పిడికి హామీ ఇచ్చే దుకాణం అవసరం కొనేవారికి ఎప్పుడూ ఉంటుంది. ఇంతకంటే గట్టి ప్రశ్న భద్రత. ఇంట్లో కుంపటి పెట్టుకుని పనిచేసే మనిషి పేరు, చిరునామా అందరికీ తెలిస్తే దొంగల భయం ఉండదా? ఉంటుంది. అందుకే చిరునామా వద్దు, పేరూ నమోదు సంఖ్యా చాలు. పేరు కూడా వద్దనుకుంటే పనిశాల గుర్తు చాలు. ఒక్క నగ నలుగురి చేతుల మీదుగా వస్తుందన్నదీ నిజం. రేకు తీసేవారొకరు, నగిషీ చెక్కేవారొకరు, రాళ్లు పొదిగేవారొకరు, మెరుగు పెట్టేవారొకరు. అయితే నలుగురి పేర్లూ రాయండి. సినిమా మొదట్లో వచ్చే పేర్ల వరసలో పాట రాసినవారూ పాడినవారూ విడివిడిగా ఉండడం మనకెప్పుడూ ఇబ్బందనిపించలేదు. ఆ నలుగురిలో బెంగాల్ నుంచి వచ్చిన యువకులు ఉంటారు. సికింద్రాబాద్ పాట్ మార్కెట్ చుట్టుపక్కల ఇరుకు గదుల్లో పనిచేసేవారిలో వాళ్లెంతోమంది. వాళ్ల పేర్లూ రావాలి. ఇది ఫలానా కులం విద్య, ఫలానా ప్రాంతం ఘనత అని చెప్పుకోవడానికి ఉద్దేశించింది కాదు. ఎవరు చేస్తే వారి పేరు ఉండాలనే అడుగుతున్నాను. పేరు చేతికి దక్కితే, పుట్టుకతో సంబంధం లేకుండా నేర్చుకుని వచ్చిన వారికీ అది దక్కుతుంది. పనిశాల గడప దాకా కూడా రానివ్వని ఆడపిల్లలకు ఈ వృత్తిలో చోటు దొరికే దారీ అదే.

పేరుతో పాటు చట్టపరమైన రక్షణ కూడా వస్తుంది. దీని గురించి మన దగ్గర చర్చే లేదు. కాపీరైట్ చట్టం కళాత్మక హస్తనైపుణ్యంతో చేసిన వస్తువును కళాకృతిగానే గుర్తిస్తుంది. డిజైన్ల చట్టం కింద నమోదు చేయించని డిజైన్‌ను హక్కుదారు గానీ, వారి అనుమతితో మరొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి నకలు తీస్తే దాని మీద కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ చెబుతోంది. ఒకటో రెండో మాత్రమే చేసే చేతిపనివారికి ఈ గీత అనుకూలమే. వేలల్లో పోతపోసే సంస్థ విడిగా డిజైన్ నమోదు చేయించుకోవాలి, ఒంటరి కళాకారుడికి చట్టం ఎంతో కొంత రక్షణ ముందే ఇచ్చింది. కానీ తాను నెల రోజులు కూర్చుని తీర్చిన పతకం ఫొటో తీసుకుపోయి ఇంకెవరో రబ్బరు అచ్చు తీయిస్తే, ముందు చేసింది తానేనని చూపడానికి అతని దగ్గర ఏముంది? తేదీతో, పేరుతో ఉన్న బిల్లు ఒక్కటి ఉన్నా అతని మాటకు బలం వస్తుంది.

యంత్రం మీద నాకు కోపం లేదు. పలచటి గొలుసులు, నున్నటి గాజులు, రోజూ వాడే దుద్దులు యంత్రం చక్కగా చేస్తుంది, తక్కువ ధరకు చేస్తుంది, చెయ్యనివ్వాలి. యంత్రం చేసినదాన్ని చేతిపని పేరుతో, చేతిపని ధరకు అమ్మడమే నా అభ్యంతరం. దానివల్ల నిజంగా చేతితో చేసినవారి సరుకు అనవసరంగా ఖరీదైనట్టు కనిపిస్తుంది.

కేంద్రం ప్రమాణం రాసేదాకా ఆగనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌కు లేపాక్షి, తెలంగాణకు గోల్కొండ పేరుతో ప్రభుత్వ హస్తకళా షోరూములున్నాయి. అక్కడ అమ్మే ప్రతి వెండి తీగ లోలాకు, డోక్రా పతకం, లక్క గాజుల జతకు ధర చీటీ కట్టి ఉంటుంది. ఆ చీటీ మీద ధర కింద చేసినవారి పేరు, అందులో వారికి ముట్టిన మజూరీ ఎంతో రాయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు, రెండు రాష్ట్రాల హస్తకళల సంస్థలు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. దేవస్థానాలు కూడా కానుకల పుస్తకంలో దాత పేరు పక్కన నగ చేసినవారికి ఒక గడి కేటాయించవచ్చు. పెళ్లికి నగలు కొనేవారు బిల్లు కట్టే ముందు ‘ఇది ఎవరు చేశారు, వాళ్లకెంత ఇచ్చారు’ అని ఒక్కసారి అడగాలి. పది దుకాణాల్లో పది మంది అడిగితే పదకొండోసారికి దుకాణదారు సమాధానం సిద్ధం చేసుకుంటాడు.